రెండో ముద్రణలో తీసేసిన పేజీలు

మా ఇంట్లో ఒకే నవలవి ఆరు ప్రతులున్నాయి. ఈ సంగతి తెలిసిన చుట్టాలు ముందు నవ్వుతారు, తర్వాత నా మొహం చూసి ఊరుకుంటారు. ఒకే సినిమా ఆరుసార్లు చూసినవాళ్లను ఎవరూ ఏమీ అనరు. ఒకే పుస్తకం ఆరు ముద్రణలు కొన్నవాళ్లకే మతి చెడిందంటారు. మా ఆయనైతే వచ్చినవాళ్లకు బీరువా చూపించి, "అవన్నీ ఒకటేనా అని అడక్కండి. ఒకటి కాదని రుజువు చెయ్యడానికే కొంటోంది" అంటారు. వెటకారానికి అన్నా అది నిజమే.

నేను బందరులో రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేస్తాను. ఈ సంతకం, ఆ సంతకం ఒకరివేనా, ఎదురుగా నిలబడ్డ మనిషి తాను చెప్పుకుంటున్న మనిషేనా అని చూడటం నా పని. ఈ ఉద్యోగం వల్ల అనుమానం పట్టుకుందో, అనుమానం ఉండబట్టే ఈ ఉద్యోగం అచ్చొచ్చిందో చెప్పలేను. పాలవాడు పాలు చిక్కగా పోసినా ఎందుకు పోశాడా అని ఆలోచిస్తాను. అనుమానం పెనుభూతం అంటారు మా అత్తగారు. నేను పోగేసేవన్నీ భూతాల కథలే కాబట్టి ఆ మాట నన్ను పెద్దగా బాధించదు.

భూతాలు, మాంత్రికులు, ఎగిరే గుర్రాలు, ఏడు సముద్రాల అవతల కోటలు. మా రచయిత రాసినవన్నీ అవే. పేరు చెప్పను. ఒకప్పుడు ఆయన పుస్తకం లేని అద్దె పుస్తకాల షాపు లేదు. మా అమ్మమ్మగారిది గుడివాడ. వేసవి సెలవుల్లో అక్కడి షాపులో ఆయన నవలలన్నీ వరసపెట్టి చదివేశాను. అందులో ఒకటి నా ప్రాణం. దాన్ని నేను దీవి నవల అనేదాన్ని, ఇప్పటికీ అలాగే అంటాను.

కథ మామూలే. మాంత్రికుడు రాజకుమార్తెను ఎత్తుకుపోయి దీవిలో కోటలో దాస్తాడు. రాజకుమారుడు వెతుక్కుంటూ వెళతాడు. కోట చుట్టూ ఉప్పునీటి పాయ ఒకటి ఉంటుంది. దాన్ని దాటించడానికి పడవ నడిపే పిల్ల ఒకతి వస్తుంది. వచ్చి, "ఇప్పుడు కాదు, నీళ్లు వెనక్కి పోవాలి" అంటుంది. అప్పటిదాకా రాక్షసులను చంపుకుంటూ వచ్చినవాడు ఆ బురదగట్టు మీద చతికిలబడి ఎదురుచూడాల్సి వస్తుంది. ఆ పిల్ల వాడికి బొరియల్లోంచి పీతలు ఎప్పుడు బయటికొస్తాయో చూపిస్తుంది. బురద మీద గంతులేసే చిన్న చేపలను, నేలలోంచి పైకి మొలిచిన మడచెట్ల వేళ్లను చూపిస్తుంది. నీళ్లు తిరుగుముఖం పట్టే చప్పుడు చెవితో ఎలా పట్టుకోవాలో నేర్పుతుంది. ఎదురుచూడటం అంత బాగుంటుందని నాకు ఆ పుస్తకమే చెప్పింది. అమ్మ వచ్చి సెలవులైపోయాయి బయల్దేరమంటే, ఇంకా పాటు రాలేదని, నీళ్లు వెనక్కి పోలేదని మొండికేశాను.

ఉద్యోగం వచ్చాక మొదటి పనిగా బెజవాడలో ఆ నవల కొన్నాను. బస్సులోనే తెరిచాను. పామర్రు వచ్చేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. రాజకుమారుడు పాయ ఒడ్డుకు వచ్చాడు, కళ్లు మూసుకున్నాడు, మంత్రం జపించాడు, అవతలి ఒడ్డున ఉన్నాడు. అంతే, ఒక్క వాక్యం. పడవ పిల్ల లేదు, పీతలు లేవు, చేపలు లేవు.

ఇంటికెళ్లి అన్నయ్యను అడిగాను. వాడూ నాతోపాటు అవే పుస్తకాలు చదివినవాడు. "అలాంటిదేం లేదే. నీకు చిన్నప్పట్నుంచీ కథలు అల్లడం అలవాటేగా" అన్నాడు. అమ్మ కూడా వాడివైపే. అందరి మీదా అనుమానపడే నేను మొదటిసారి నామీద నేనే అనుమానపడ్డాను. ఆ పిల్లను నేనే పుట్టించుకున్నానా? అద్దె పుస్తకాలకు మొదటి పేజీలు ఎప్పుడూ ఉండవు కనుక నేను చదివింది ఏ ముద్రణో కూడా తెలియదు. నేను కొన్నదానిలో రెండో ముద్రణ అని ఉంది. అయితే మొదటిది ఎక్కడో ఉండాలి. అలా మొదలైంది వేట.

పాత పుస్తకాలు అమ్మేవాళ్ల సంగతి చెప్పాలంటే అదొక పురాణం. ఒకాయన ఐదో ముద్రణకు వేరే పుస్తకం మొదటి పేజీ అంటించి ఇచ్చాడు. జిగురు వాసన ఇంకా పోలేదు. ఇంకొకాయన మరకలు పడ్డ కాపీ చేతిలో పెట్టి, "దివిసీమ ఉప్పెనలో తడిసి బతికిందమ్మా, మొదటి ముద్రణే" అన్నాడు, గొంతు కూడా తగ్గించి. లోపల చూస్తే ఆ పుస్తకం అచ్చయిందే ఉప్పెన తర్వాత. అది చూపిస్తే ఏమీ తడుముకోకుండా, "అయితే వేరే వానేమోనండి" అన్నాడు. మూడో ముద్రణలో, నాలుగో ముద్రణలో, ఆ తర్వాతవాటిలో కూడా మంత్రమే తప్ప పిల్ల లేదు. అయినా ప్రతిదీ కొన్నాను. ఒకరి మాట మీద వదిలేస్తే రేపు అందులోనే ఉందని తెలిస్తే ఏం చెయ్యను?

చివరికి గుడివాడలోనే దొరికింది, నిరుడు వానాకాలంలో. ఒక పెళ్లికి వెళ్లి, భోజనాలకు ఇంకా టైముందంటే స్టేషను వైపు పాత పేపర్ల కొట్లో దూరాను. పట్టుచీర కట్టుకుని పేపర్ల కట్టల మధ్య కూర్చున్న నన్ను చూసి కొట్టు యజమాని ఏమనుకున్నాడో. అట్ట లేదు, దారం ఊడింది. కానీ మొదటి పేజీ ఉంది. పాయ దగ్గరకు తిప్పాను. పడవ పిల్ల అక్కడే ఉంది. "ఇప్పుడు కాదు, నీళ్లు వెనక్కి పోవాలి." నాకు అక్కడే ఏడుపొచ్చింది. అప్పటికప్పుడు అన్నయ్యకు ఫోన్ చేసి ఆ నాలుగైదు పేజీలూ చదివి వినిపించాను. అంతా విని, "సర్లే, ఉంటే ఉంది. పెళ్లిభోజనం చేశావా?" అన్నాడు.

గెలిచాను కదా, అక్కడితో ఊరుకోవాలి. ఊరుకుంటే నేనెందుకవుతాను? మూడోసారి చదువుతుండగా కొత్త పురుగు దొలవడం మొదలుపెట్టింది. మా రచయిత పుట్టింది ఎండిపోయిన చెరువుల ప్రాంతంలో, బతికింది మద్రాసులో. ఆయన మిగతా నవలల్లో సముద్రం ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుంది, నీలంగా, దూరంగా, బొమ్మలో ఉన్నట్టు. మరి పాటు వేళ పడవ బురదలో ఏ పక్కకు ఒరుగుతుందో ఈయనకెలా తెలిసింది? హంసలదీవి దారిలో నేను కళ్లారా చూసిన మడ అడవి ఏడు సముద్రాల అవతలి దీవికి ఎలా వెళ్లింది? సంతకం అచ్చం అలాగే ఉంది, చెయ్యి మాత్రం వేరేది.

మొదటి పేజీలో ప్రెస్సు పేరు ఉంది, బందరు ప్రెస్సే. ఇప్పుడది లేదు. దాని యజమానిగారి అబ్బాయి అదే చోట పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు వేస్తున్నాడు. పుస్తకం చూపించగానే తల కూడా ఎత్తకుండా చెప్పేశాడు.

"ఇది ఆయన రాసింది కాదండీ. నాన్నగారు వరసగా నవలలు వేస్తానని షాపులవాళ్లకు మాటిచ్చేశారు. ఆయనేమో టైముకి ఇవ్వలేకపోయారు. తన పేరు వేసుకుని ఎవరిచేతన్నా రాయించుకోమన్నారట. దివిసీమ నుంచి ఒకావిడ ప్రూఫులు దిద్దడానికి వచ్చేవారు. ఆవిడచేత రాయించారు."

"ఒక్కటేనా?"

"ఒక్కటేనండీ. తర్వాత హక్కులు బెజవాడవాళ్లకు అమ్మేశాం. ఆవిడ కోడూరు దగ్గర ఉంటారు, మా పెద్దమ్మాయి పెళ్లికి కూడా వచ్చారు."

ఎంత తేలిగ్గా చెప్పాడు! ఇంటికి నడిచి వస్తుంటే నాకు కోపం, సిగ్గు కలిసి వచ్చాయి. ఇన్నేళ్లు నేను ఆరాధించింది ఎవరిని? ఆయన నవలలన్నిటిలోకీ ఇదే గొప్పదని ఎంతమందితో వాదించాను, ఈ ఒక్కదానికోసమే మిగతావన్నీ ప్రేమగా చదివాను. అదే ఆయనది కాదు. అయితే రెండో ముద్రణలో ఆ పేజీలు ఎందుకు కోశారో కూడా తెలిసిపోయిందనుకున్నాను. తనకు చేతకానిది ఇంకొకరు రాస్తే ఓర్వలేక కోసేశాడు. చనిపోయిన మనిషి మీద ఇంత కోపం రావడం నాకదే మొదలు.

రెండు ముద్రణలూ సంచిలో పెట్టుకుని ఆదివారం బయల్దేరాను. చల్లపల్లి, మోపిదేవి దాటి, అవనిగడ్డలో బస్సు మారేదాకా మనసులో ఒకటే లెక్క: పెళ్లికార్డులాయన అబద్ధం చెప్పి ఉంటే? ఆవిడ అబద్ధం చెబితే? తను రాయకపోయినా రాశానంటే నేను ఎలా పట్టుకోవాలి? అడగాల్సిన ప్రశ్నలు కూడా సిద్ధం చేసుకున్నాను.

ఆవిడ తమ్ముడి ఇంట్లో ఉంటున్నారు. స్కూల్లో కుట్లు, అల్లికలు నేర్పి రిటైరయ్యారట. వరండాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు. నేను ఎవరో, ఎందుకొచ్చానో చెప్పేసరికి ఆవిడ చెయ్యి ఆగింది.

"నిన్నెవరు పంపారమ్మాయ్?"

"ఎవరూ పంపలేదండీ. నాకే తెలుసుకోవాలని."

"టీవీవాళ్లా? ఆ ఫోను అవతల పెట్టు."

ఫోను బల్ల మీద బోర్లా పెట్టాను. నాకంటే అనుమానం మనిషి తగిలిందని లోపల కొంచెం సంతోషం కూడా కలిగింది. మొదటి ముద్రణ తీసి ముందు పెట్టాను. చూశారు గానీ ముట్టుకోలేదు.

"నేనేం రాయలేదమ్మా. ప్రూఫులు దిద్దేదాన్నంతే. ఆయన రాశారు, వాళ్లు అచ్చేశారు."

"ఈ పాయ మన కోడూరు వైపుదే కదా పిన్నిగారూ?"

"నీళ్లెక్కడైనా నీళ్లే."

సిద్ధం చేసుకున్న ప్రశ్నల్లో ఒక్కటీ పనికిరాలేదు. నాకు చిరాకేసింది. కోపం వస్తే మనుషులు నిజం చెబుతారని ఆఫీసులో నేర్చుకున్న విద్య ప్రయోగించాను. రెండో ముద్రణ తీసి, పాయ ఉన్న పేజీ తెరిచి ఆవిడ చేతిలో పెట్టాను.

"ఎవరు రాసినా, ఎంత అన్యాయం చేశారో చూడండి. ఉన్నదంతా పీకేసి ఒక్క మంత్రం పెట్టారు."

ఆవిడ చీరకొంగుతో చేతులు తుడుచుకుని, లోపల్నుంచి కళ్లజోడు తెప్పించుకున్నారు. అచ్చు ఎప్పటిదో చూశారు. పాయ పేజీ చదివారు, ముందు పేజీ చదివారు, మళ్లీ పాయకు వచ్చారు. ఇప్పుడు కోపం వస్తుందని నేను చూస్తున్నాను.

ఆవిడ నవ్వారు.

"ఆయనంతే. ఆయన రాజకుమారులకు ఓపిక ఉండదు. నాకు అప్పుడే అనిపించింది, వీణ్ణి బురదలో మరీ ఎక్కువసేపు కూర్చోబెట్టానేమోనని."

కూర్చోబెట్టానని ఆవిడే అన్నారు.

"ఆయన పుస్తకాలంటే నాకు పిచ్చమ్మా. ప్రెస్సుకు వెళ్లిందే ఆయనవి అందరికంటే ముందు చదవొచ్చని. ఇది రాశాక ఆయనకు పంపారా అని ఎన్నిసార్లడిగానో. ప్రెస్సాయన నవ్వేసి, ఆయనకంత తీరికెక్కడిది, అట్ట మీద పేరు సరిగ్గా పడిందో లేదో కూడా చూడరన్నారు. ఇన్నాళ్లూ అదే నిజమనుకున్నాను. ఈ రెండోసారి అచ్చేసిన సంగతే నాకు తెలీదు."

ఆవిడ పేజీలు ఒక్కొక్కటే తిప్పుతున్నారు. కోట దగ్గర ఆగారు, మాంత్రికుడి చావు దగ్గర ఆగారు. వేలు పెట్టి వరసలు చూసుకుంటున్నారు.

"ఇదంతా ఉంచారు. ఇదీ ఉంచారు. పాయ ఒక్కటే నచ్చలేదు ఆయనకి." తల ఎత్తారు. "అంటే చదివారన్నమాట. మొదటినుంచి చివరిదాకా చదివే దిద్దారు. నువ్వేమంటావు, ఆయనే అంటావా?"

నా నాలిక చివరిదాకా వచ్చింది. బెజవాడవాళ్లు హక్కులు కొన్నాక కాగితం ఖర్చు తగ్గించుకోవడానికి పేజీలు కోసి ఉండొచ్చు. కథ నడవని చోటు చూసి ఏ గుమాస్తానో గీత కొట్టి ఉండొచ్చు. ఆ ఒక్క వాక్యం ఎవరైనా రాయగలరు. మా రచయితే దిద్దాడనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఇంకెవరికైనా అయితే ఇవన్నీ చెప్పి, ఆపైన ఇంకో రెండు అనుమానాలు కూడా కలిపి ఉండేదాన్ని. ఆవిడ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని నావైపే చూస్తున్నారు.

"ఆయనేనండీ," అన్నాను. "ఇంకెవరు ముట్టుకుంటారు?"