ఊదా నీళ్ల బకెట్టు

ఆ ఆదివారం ఉదయం తొమ్మిదీ పదికి ఒక పెద్దావిడ సొరకాయ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. అప్పట్లో, డెబ్బైల చివర, నా భార్య హనుమకొండలో ఒక క్షయ దవాఖానలో నర్సు.

"మా పిలగానికి జంపఖానాలు నేసేటోళ్ల పిల్లను ఖాయం చేసుకున్నం బిడ్డా. ఆ పిల్ల మీ దవాఖానకు వస్తాందట. జర నిజం చెప్పు."

"మా తాన పిల్లలు లేరు పెద్దమ్మా. నెంబర్లే ఉన్నయ్," అంది నా భార్య.

"అయితే నెంబరే చెప్పు."

"నెంబరుకు పెండ్లి చేస్తవా? చెప్పుకునేదుంటే ఆ పిల్లే చెప్పుకుంటది."

పెద్దావిడ చాయ తాగి, సొరకాయ తిరిగి తీసుకుని వెళ్లింది.

ఆ దవాఖానలో రోగులను పేర్లతో పిలిచేవారు కాదు, చేతికిచ్చిన ఇత్తడి బిళ్ల మీది నెంబరుతో పిలిచేవారు. అందరూ మూతికి గుడ్డ కట్టుకునేవారు. కాగితాల బీరువా తాళంచెవి నా భార్య నడుముకు ఉండేది. లోపల ఏముందని నేను అడిగితే, "దగ్గు వస్తాందా?" అనేది. లేదనేవాణ్ని. మాట అక్కడితో అయిపోయేది.

మర్నాడు పెద్దావిడ దవాఖాన వరండాలో బెంచీ మీద కూర్చుంది. ముఖాలు చూడడం లేదు, చేతులు చూస్తోంది. ఆ పిల్ల ఇంట్లో నూలుకు పచ్చరంగే అద్దుతారు. గోళ్ల పక్కన చేరిన ఆ రంగు పండుగకు కూడా పోదు. పచ్చచేతులు కనబడితే సంబంధం తప్పిపోతుంది. ఆ రోజు కనబడలేదు.

తెల్లారి నా భార్య వరండా మొదట్లో ఒక బకెట్టు పెట్టించింది. పుండ్లు కడిగే పర్మాంగనేటు అందులో బాగా చిక్కగా కలిపింది. వచ్చినవాళ్లంతా చేతులు ముంచాలి. ఆ ఊదా నీళ్లు ఆరితే చర్మం, గోళ్లు ముదురు గోధుమరంగుకు తిరుగుతాయి. కాసేపటికి బెంచీల మీద అందరివీ ఒకే చేతులు. డాక్టరు శుభ్రతను మెచ్చుకున్నాడు.

"నాకేం రోగమున్నదని ముంచాలె?" అంది పెద్దావిడ.

"రోగం లేనోళ్లకు ఈడేం పని?" అంది నా భార్య.

ఆమె ముంచింది.

నేను పాఠాలు చెప్పే బడి ఆమె వాడలోనే ఉండేది. సాయంత్రం బడి వదిలేసరికి, ఆమె దవాఖాన నుంచి రావడం గమనించిన ఆడవాళ్లు ఆమె చేతులు చూసి, "ఏందక్కా, నీకు గూడ దగ్గు వట్టిందా?" అంటున్నారు. రంగు పోయేదాకా ఆమె చేతులు కొంగు కింద పెట్టుకుని తిరిగింది. మళ్లీ దవాఖానకు రాలేదు.

పెండ్లి అయింది. కార్డు మాకూ వచ్చింది. నా భార్య వెళ్లలేదు, నన్ను పంపింది. భోజనం బాగుంది. ఆ పిల్ల దవాఖానకు వచ్చేదో లేదో నా భార్య చనిపోయేదాకా నాకు చెప్పనేలేదు.

ఆ దవాఖానలో ఇప్పుడు పేర్లు మైకులో చదువుతున్నారు. ఎవరిచేతా చేతులు ముంచించడం లేదు.