చిలకమ్మ వాంగ్మూలం

చిలకమ్మది పద్మనాభం దగ్గర పల్లె. అత్తవారి ఎకరన్నర మడిచెక్కలో ముగ్గురు అన్నదమ్ముల కాపురాలు సాగక, పెళ్లయిన మూడో ఏట మొగుడితో పాటు విశాఖపట్నం వచ్చేసింది. అతను రైల్వే యార్డులో కూలికి కుదిరాడు. ఆమె హార్బరులో మాంగనీసు రాయి మోసే ఆడవాళ్ల గేంగులో చేరింది. కుప్ప దగ్గర తట్ట నింపుకోవడం, నెత్తిన పెట్టుకుని ఓడ పక్కనున్న ఇనప తొట్టి దాకా నడవడం, గుమ్మరించి వెనక్కి రావడం. తొట్టి నిండితే క్రేను ఎత్తి ఓడలో బోర్లించేది. సాయంత్రానికి అందరి మొహాలూ ఒకే నలుపు. ఇంటికొచ్చాక పిల్లలు మాట విని తల్లిని గుర్తుపట్టేవారు.

గుర్తుపట్టడానికి చిలకమ్మ గొంతు చాలు. క్రేను మోతలో కూడా అది ఓడ ఆగే బెర్తు ఈ చివర నుంచి ఆ చివరకి వినబడేది. ఆ గొంతు చూసే డెబ్భై రెండులో కంట్రాక్టరు ఆమెను మేస్త్రీని చేశాడు. కానీ గేంగులో ఇరవై రెండు మంది ఆడవాళ్లు ఆమెను అక్కలా అప్పా అని పిలుస్తూ ఆమె మాట విన్నది గొంతు పెద్దదని కాదు. నెల తప్పినవాళ్లను మోతకి పంపకుండా తట్టలు నింపడానికి కూర్చోబెట్టేది. నడక నెమ్మదైనవాళ్లను వరస మధ్యలో పెట్టి, వాళ్ల మీద కేకలు పడకుండా చూసేది. ఆఫీసు వాళ్లు తిట్టి చెప్పిన పనిని తిట్లు తీసేసి చెప్పేది. ఓ ఎండాకాలం తాగే నీళ్ల డ్రమ్ములో తుప్పు తేలుతోందని అందరూ గొణుగుతుంటే, ఆమె గ్లాసుడు నీళ్లు ముంచి పట్టుకెళ్లి సూపర్‌వైజరు బల్ల మీద పెట్టి, దాహంగా ఉంటే తాగండి బాబూ అని నిలబడింది. మర్నాడు కొత్త డ్రమ్ము వచ్చింది. పైవాళ్ల మాట కిందికి, కిందివాళ్ల మాట పైకి మొయ్యడమే తన పని అని చిలకమ్మ అనుకునేది. ఆ పని తనకు బాగా వచ్చు అని కూడా అనుకునేది.

డెబ్భై ఏడులో పాత సూపర్‌వైజరు వెళ్లిపోయి శ్రీరామ్మూర్తి వచ్చాడు. పాతికేళ్లవాడు, బీయే పాసయ్యాడు. చెడ్డవాడని ఎవరూ అనలేదు. నోరు జారేవాడు కాదు, చిలకమ్మను అమ్మా అనే పిలిచేవాడు. అయితే ఎండలోకి వచ్చేవాడు కాదు. రేకుల షెడ్డులో ఫోను దగ్గరే ఉండేవాడు. ఊళ్లో ఉన్న కంట్రాక్టరు ఆఫీసు నుంచి ఫోను మోగితే, అవతలివాళ్లకు కనబడుతున్నట్టు కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడేవాడు.

ఆ మరుసటి ఏడు కార్తీకంలో వారం రోజులు వాన కురిసింది. తెరిపిచ్చాక పని మొదలైంది. తడిసి ఎండిన కుప్ప పైన పెచ్చులా గట్టిపడింది. కింద మాత్రం మెత్తగా ఉంది. తేలికగా వస్తుందని అందరూ కిందే తవ్వుకుంటూ పోయారు. పొద్దెక్కేసరికి రెండు నిలువుల ఎత్తున కుప్ప ముఖం గోడలా నిలబడింది. చుట్టూ తిరిగి చూస్తున్న చిలకమ్మకు పైన ఒక పగులు కనిపించింది. చెయ్యి పట్టేంత వెడల్పుంది.

ఆమె ఎవరితోనూ ఏమీ అనలేదు. తిన్నగా షెడ్డుకి వెళ్లింది. మగవాళ్లను గునపాలతో పైకెక్కించి ముందు పెచ్చు కూలదోయించాలని, పూట పని ఆగుతుందని చెప్పింది. శ్రీరామ్మూర్తి ఆఫీసుకి ఫోను చేశాడు. సాయంత్రం పోటుకి ఓడ కదలాలని, వెనక ఇంకో ఓడ కాచుకునుందని జవాబొచ్చింది. చిలకమ్మ తిరిగొచ్చి మళ్లీ పగులు చూసింది. మళ్లీ వెళ్లింది. అతను మళ్లీ ఫోను చేశాడు, మళ్లీ అదే జవాబు. మూడోసారి ఆమె వెళ్లేసరికి అతను ఫోనులోనే ఉన్నాడు. రిసీవరు మీద అరచెయ్యి అడ్డుపెట్టి మెల్లగా అన్నాడు.

"నువ్వే చూసుకో చిలకమ్మా. వాళ్లు నీ మాట వింటారు కదా. జాగ్రత్తగా చేయించు."

ఆమె బయటికొచ్చింది. ఇరవై రెండు మందీ తట్టలు దించి ఆమె కోసం చూస్తున్నారు. కాదంటే ఏమవుతుందో చిలకమ్మకు తెలుసు. అంతకు ముందటేడు వాన్లో దిగేది లేదని మొండికేసిన గేంగును గేటు బయటికి పంపేసి, మర్నాటికి వేరే గేంగును తెచ్చారు. పగులు సంగతి చెబితే అందరూ బెదిరిపోతారు, ఒక్కరూ కదలరు. పక్క నుంచి తీయిస్తే ఫరవాలేదేమో అనుకుంది. తను ఎదురుగా నిలబడి చూస్తూంటే చాలుననుకుంది. పక్క నుంచే తీయండి, మధ్యకి పోకండి, బేగి కానియ్యండి అని కేకేసింది.

వరసలో ముందున్నది సీతాలు. సముద్రం ఒడ్డు పేటలో చేపల వేటకెళ్లేవాళ్ల కోడలు. ఇరవై నాలుగేళ్లుంటాయి, గేంగులో అందరికంటే చురుకైంది. ఆమె కుప్ప వంక ఓసారి చూసి, చిలకమ్మ వైపు తిరిగింది.

"దిగీమంటావా అప్పా?"

"దిగు. నానిక్కడే ఉండి సూత్తన్నాను."

సీతాలు దిగింది. వెనకే నలుగురు దిగారు. చిలకమ్మ నిజంగానే చూస్తూ నిలబడింది. తొట్టి నిండిందని క్రేను డ్రైవరు గంట కొడితే, ఎత్తమని చెయ్యి ఊపడానికి ఒక్క క్షణం అటు తిరిగింది. చప్పుడు విని ఇటు తిరిగి అరిచేసరికి నలుగురు తప్పుకున్నారు. సీతాలు కూడా అరుపు విన్నది, పరుగు కూడా అందుకుంది. కానీ రాయి నడుం దాకా కమ్మేసింది.

పారలు తగులుతాయని అందరూ చేతుల్తోనే తవ్వారు. పెద్దాసుపత్రిలో మూడో రోజున సీతాలు ఎడమ కాలు మోకాలి పైకి తీసేశారు.

అయిదో రోజున గుమస్తా గురునాథరావు చిలకమ్మను షెడ్డులోకి పిలిచి వాంగ్మూలం తీసుకున్నాడు. ఆయన రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి, దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని పేరు. చిలకమ్మ మొదటి నుంచీ చెప్పింది. వాన, పెచ్చు, పగులు, మూడుసార్లు షెడ్డుకి రావడం, ఫోను, అరచెయ్యి. ఆయన ఇంగ్లీషులో రాసుకున్నాడు. తను అంత సేపు చెబితే ఆయన అంత కొంచెమే రాయడం ఆమెకు వింతగా తోచింది. శ్రీరామ్మూర్తి గుమ్మంలో అటు తిరిగి నిలబడి ఉన్నాడు. అంతా రాశారా బాబూ అని అడిగితే, రాశానమ్మా అన్నాడు గురునాథరావు తలెత్తకుండా. ఆమె బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీద వేసింది.

అందులో ఏముందో నెలన్నర తర్వాత లేబరు ఆఫీసు విచారణలో తెలిసింది. ఆఫీసరు ఆ కాగితాన్ని తెలుగులో చదివి వినిపించాడు. కుప్ప ప్రమాదకరంగా ఉందని మేస్త్రీ ముందుగానే హెచ్చరించినప్పటికీ, సీతాలు అనే కూలీ లక్ష్యపెట్టకుండా దిగిందని ఉంది. సీతాలు గోడవార బల్ల మీద, చంకకర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కన మొగుడు తాతబాబు. ఇద్దరూ చిలకమ్మ వంక చూశారు.

చిలకమ్మ లేచి అది తను చెప్పింది కాదంది. ఈ వేలిముద్ర నీది కాదా అని ఆఫీసరు అడిగాడు.

"ఏలు నాదే బాబూ. మాట నాది కాదు."

ఆఫీసరు విసుక్కోలేదు. ఆమె చేత మళ్లీ చెప్పించి తెలుగులో రాయించి, చదివి వినిపించి వేలిముద్ర వేయించాడు. తర్వాత శ్రీరామ్మూర్తిని అడిగాడు. జాగ్రత్తగా చేయించమని మేస్త్రీతో తాను చెప్పిన మాట వాస్తవమే అన్నాడతను. ఆఫీసరు గేంగులో ఆడవాళ్లను ఒక్కొక్కరినే పిలిచి అడిగాడు. షెడ్డులో ఏం జరిగిందో వాళ్లెవరూ చూడలేదు. దిగమన్నదెవరు అంటే సిలకమ్మప్పే అన్నారు. చెప్పడం ఇష్టంలేక కొంగులు నలుపుకుంటూ, అబద్ధం చెప్పలేక అన్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. చిలకమ్మకు ఎవరి మీద కోపగించుకోవాలో తెలియలేదు.

ఒకే మనిషి రెండు వాంగ్మూలాలు ఒకదానికొకటి పొసగడం లేదని, దేన్నీ నమ్మడానికి లేదని ఆఫీసరు తేల్చాడు. తప్పు మేస్త్రీ అజాగ్రత్తదని రాశాడు. కంట్రాక్టరు తప్పు లేదనేసరికి, పరిహారమని అతను ఇచ్చిందేదో సీతాలు పుచ్చుకోవలసి వచ్చింది.

ఆ రోజు వరండాలో చిలకమ్మ సీతాలు పక్కన కూలబడింది. తాతబాబు రిక్షా కోసం వెళ్లాడు. పగులు చూసిన దగ్గర్నుంచి తను ఎన్నిసార్లు షెడ్డుకి పరుగెత్తిందో, ఎలా బతిమాలిందో ఆమె చెప్పుకుపోయింది. సీతాలు అడ్డురాకుండా అంతా విన్నది.

"మూడుసార్లు ఆలకి సెప్పినావు గదప్పా," అంది చివరికి. "మాకొక్కసారి సెప్పనేదేటి? పగులుందని తెలిస్తే మేవే దిగకపోదుము గదా."

తాతబాబు వచ్చి భార్యను ఎత్తి రిక్షాలో కూర్చోబెట్టుకుని వెళ్లిపోయాక కూడా చిలకమ్మ అక్కడే ఉంది. షెడ్డుకి వెళ్లడం తన బాధ్యత అనుకుంది. అక్కడ చెప్పేస్తే చెప్పినట్టే అనుకుంది. ఎదురుగా నిలబడ్డ ఇరవై రెండు మందికీ మాత్రం ఆ ముక్క చెప్పాలని తోచలేదు. తోచలేదా, తోచినా నొక్కేసిందా అన్నది ఆమెకే తేలలేదు.

మేస్త్రీ పని తీసేశారు. చిలకమ్మ మళ్లీ తట్ట పట్టి, అదే గేంగులో నాలుగేళ్లు మోసింది. ఆడవాళ్లు ఆమెను ఒక్క మాట అనలేదు. ఎప్పుడైనా కుప్ప ఎత్తుగా ఉంటే కొత్త మేస్త్రీని వదిలేసి అలవాటు కొద్దీ ఆమె వైపే చూసేవారు. ఆమె చూపు తప్పించేది. సీతాలు పూర్ణామార్కెట్టు దగ్గర ఎండుచేపల గంప పెట్టుకుంది. చిలకమ్మ పండక్కో పబ్బానికో వెళ్లి కొనేది. పిల్లల కబుర్లు, వానల కబుర్లు చెప్పుకునేవాళ్లు. ఆ సంగతి మాత్రం ఎత్తలేదు.

తర్వాత రాయి ఎత్తడానికి యంత్రాలొచ్చి గేంగు చెదిరిపోయింది. గాజువాక అవతల స్టీలు ప్లాంటు పునాదులు తవ్వుతున్నారంటే చిలకమ్మ అక్కడ కాంక్రీటు మోతకి చేరింది. ఎనభై నాలుగులో అక్కడి ఇంజనీరు, అనుభవమున్న మనిషని విని, మేస్త్రీగా ఉండమన్నాడు. వద్దంది. కారణమడిగితే గొంతు పోయింది బాబూ అంది. ఆయన నవ్వి, గౌరీశ్వరి అని ఓ పడుచుపిల్లను పెట్టాడు.

మర్నాడు భోజనాల వేళ గౌరీశ్వరి టిఫిను డబ్బా పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. పెద్దోళ్లతో ఎలా మాట్లాడాలో కాస్త నేర్పమంది. చిలకమ్మ ముద్ద కలిపి గిన్నె పక్కన పెట్టింది.

"ఆలతో ఎలగైనా మాట్లాడుకో. నీ కంటికి ఏటి కనపడితే అది ముందు మనోలకి సెప్పు," అంది.

గౌరీశ్వరి ఆలోచించింది. తెలివైన పిల్ల.

"అన్నీ సెప్పేస్తే ఎవులు దిగుతారప్పా? దిగకపోతే మర్నాడు మనల్ని రానిస్తారేటి?"

చిలకమ్మ ఆ జవాబు కోసం ఆరేళ్లుగా వెతుకుతూనే ఉంది. తెలీదమ్మా అంది. చిలకమ్మ ఇంకా ఏదైనా చెబుతుందేమోనని గౌరీశ్వరి చూసి, డబ్బా మూత పెట్టుకుని లేచి వెళ్లింది. సైరను మోగింది. చిలకమ్మ చెయ్యి కడుక్కుని, తలగుడ్డ చుట్టుకుని వరసలో మధ్యన ఎక్కడో చోటు చూసుకుని నిలబడింది.