గల్ఫ్ దగ్గర చిరిగిన పటం

సిద్దిరాములు ఎడపల్లి బడిలో సోషల్ సారు. తరగతి గోడ మీది ఆసియా పటంలో గల్ఫ్ ఉండాల్సిన చోట చిరుగు ఉండేది. పనికి పోయిన తమ బాపు ఏ దేశంలో ఉన్నాడో చూపించుకుంటూ పిల్లలు రోజూ వేలు పెట్టడంతో అక్కడ కాగితం అరిగిపోయింది. చైనా, జపాన్ కొత్తవిగానే ఉండేవి.

2003లో ఆయన నిజామాబాద్ వెళ్లి ఒక నెట్ సెంటర్‌లో కూర్చున్నాడు.

“దుబాయ్, మస్కట్ మంచిగ కనవడే ఆసియా పటం గావాలె.”

సెంటర్ నడిపే తుకారాం తల ఎత్తలేదు. “ఎప్పుడు పోతున్నరు సార్? వీసా ఫారం గూడ తియ్యాల్నా?”

“నేను పోతలేను. పిల్లలకు పాఠం చెప్పాలె.”

“అందరు గట్లనే అంటరు,” అంటూ తుకారాం పటం ప్రింటు తీశాడు.

దాన్ని గోడకు అంటించిన రోజే ఒక పిల్ల తల్లి రేణుకమ్మ, బీడీలు చుట్టడం ఆపి బడికి వచ్చింది. ఆమె భర్త మస్కట్ పోయి చాలా కాలమైంది. సారు మస్కట్ చూపించాడు, నిజామాబాద్ చూపించాడు. ఆమె ఆ రెంటి మధ్య వేళ్లు పేర్చి కొలిచింది.

“బెత్తెడు గూడ లేదు గద సార్. రానీకి ఏం రోగం?”

సారు పటం స్కేలు సంగతి చెప్పబోయి మానేశాడు. ఆమె వెళ్లాక చూస్తే, సముద్రం మీద తంబాకు మరక ఉంది.