అనుమానం టీచరు గారి తరగతి

చిన్నప్పుడు మా దివిసీమ బడిలో "అందరూ అంటున్నారండీ" అని నోరు జారామా... ఇక ఆ పీరియడంతా నిలబడాల్సిందే!

మా సైన్సు టీచరు సీతారత్నం గారిది గుడివాడ. మా ఊళ్ళో గది అద్దెకి తీసుకుని ఉండేవారు. ఆవిడకి దేన్నీ ఊరికే నమ్మే అలవాటు లేదు... ఏం చెప్పినా "ఎవరు చూశారు? నీకెలా తెలుసు?" అనేవారు. మోపిదేవి గుడికి వెళ్ళొచ్చిన ఒక పిల్ల, పాము పుట్టలో పాలు తాగిందని చెప్తే "తాగుతుంటే చూశావా?" అని అడిగేశారు. మర్నాడు ఆ పిల్ల నాయనమ్మ బడికొచ్చి చేసిన గొడవ ఇంతా అంతా కాదు.

మేం చాటుగా ఆవిడకి 'అనుమానం టీచరు' అని పేరు పెట్టుకున్నాం.

ఆవిడ తరగతిలో జవాబు తెలిసినా వెంటనే చెయ్యెత్తకూడదు. అరచేతులు రెండూ బల్ల మీద ఆనించి, నోరు మూసుకుని, మనం చూసిందేమిటి, విన్నదేమిటి అని లోపల విడదీసుకోవాలి. ఆ తర్వాత ఆవిడ "ఇప్పుడు చెప్పు" అన్నాకే మాట్లాడాలి. ఏడో తరగతి పిల్లలకి నోరు మూసుకోవడమంటే ఎంత నరకమో! అసలు ఆవిడకే జవాబులు రావేమో, అందుకే ఇలా జాగు చేస్తున్నారేమో అని నా అనుమానం...

ఒకరోజు పొద్దున... వాన లేదు, గాలి లేదు, ముసురు మబ్బు మాత్రం ఉంది. ఎవరో సైకిలు మీద వెళ్తూ "సముద్రం వచ్చేత్తంది! కరకట్ట దాటేసింది! పారిపోండ్రోయ్!" అని అరిచాడు.

ఉప్పెన చూసిన ఊళ్ళండీ మావి. ఆ మాట చాలు. మా ఇళ్ళల్లో దాని గురించి గట్టిగా మాట్లాడుకోరు కూడా. హెడ్మాస్టారు గారు గంట కొట్టించి పిల్లల్ని ఇళ్ళకి పొమ్మన్నారు. పక్క తరగతులన్నీ మెట్ల మీంచి ఒకరి మీద ఒకరు పడుతూ పరిగెత్తాయి.

టీచరు గారు మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"కూర్చోండి. చేతులు బల్ల మీద."

ఈవిడ మమ్మల్ని చంపేస్తుంది అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను... ఆ క్షణంలో ఆవిడ మీద పుట్టినంత కోపం నాకు మళ్ళీ ఎవరి మీదా పుట్టలేదు.

నా పక్కన నాగమణి వెక్కివెక్కి ఏడుస్తోంది. వాళ్ళు చేపలు పట్టేవాళ్ళు, ఇల్లు సముద్రం వైపే. వాళ్ళమ్మ, పాలు తాగే తమ్ముడు అక్కడే ఉన్నారు. "నన్నొదిలెయ్యండి టీచరు గారూ, మాయమ్మ కాడికి పోతాను" అని లేచింది.

"పోదువు గానిలే అమ్మా. ముందు చేతులు పెట్టు. నువ్వు చూసిందేంటో చెప్పు."

ఆ పిల్ల ఏడుస్తూనే కూర్చుంది. చేతులు బల్ల మీద ఆనించింది. పెదాలు గట్టిగా బిగపట్టుకుంది. బయట కేకలు, ఎవరో పిల్లని పేరు పెట్టి పిలుస్తున్న గొంతు... కాసేపటికి తనే లేచి, గుమ్మం వైపు కాకుండా కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద గుర్రపుడెక్క మొక్కలు తేలే మురుగు కాలవ కనిపిస్తుంది.

"టీచరు గారండీ... గుర్రపుడెక్క కిందకే పోతందండి, సముద్రం వైపుకి. అది పొంగితే కాలవ ఎదురెక్కాలి కదండీ."

"అయితే ఇంకా రాలేదంటావు. వస్తే?"

నాగమణి ముక్కు తుడుచుకుని గదంతా ఒకసారి చూసింది. "వత్తే... మనవున్నదే షెల్టరు కదండీ! మాయమ్మ కూడా ఇక్కడికే వత్తాది."

నిజమే... తుఫానులొస్తే ఊరంతా తలదాచుకోవడానికి స్తంభాల మీద కట్టిన భవనం అది. అందులోనే మా బడి. ఊరికి భద్రమైన చోటు ఏదైనా ఉందంటే అదొక్కటే. అందులోంచే జనం బయటికి పరిగెత్తారు!

టీచరు గారు అప్పుడూ "శభాష్" అనలేదు. "కాలవ మీంచి కళ్ళు తియ్యకండి" అన్నారంతే.

కాసేపటికి నాగమణి వాళ్ళమ్మ చంకలో పిల్లాడితో రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చింది. రాగానే కూతుర్ని ఒక్కటి కొట్టి, వాటేసుకుని ఏడ్చేసింది. "ఆ జనంలో పడిపోయుంటే నిన్నెక్కడని ఎతుక్కునేదాన్నే!"

సముద్రం రాలేదు. కాలవ వంతెన మీద తొక్కిసలాటలో ఆరో తరగతి పిల్ల చెయ్యి విరిగింది. తలుపులు తీసి పారిపోయిన ఇళ్ళల్లో ఇత్తడి బిందెలు, కోళ్ళు మాయమయ్యాయి. ఆ సైకిలు మనిషి ఎవరో ఇప్పటికీ తెలియదు. నా అనుమానాలు నాకున్నాయి లెండి...

గంట కొట్టినా పిల్లల్ని వదలనందుకు హెడ్మాస్టారు గారు అందరి ముందూ "మీకే క్రమశిక్షణ లేకపోతే పిల్లలకేం నేర్పుతారండీ?" అని టీచరు గారిని నిలదీశారు. ఆ ఏడు చివర్లోనే ఆవిడ బదిలీ అయి వెళ్ళిపోయారు.

ఆవిడ జబ్బు నాకు బాగా అంటుకుంది. ఫోనులో వచ్చే తుఫాను వీడియో దగ్గర్నుంచి పాలవాడి ఒట్టు దాకా ఏదీ ఊరికే నమ్మను. మా వారు విసుక్కుంటారు కూడా.

మొన్న మా అమ్మాయి చదివే హాస్టలు కాలేజీలో తల్లిదండ్రుల మీటింగుకి వెళ్ళాను. పిల్లలంతా వరసల్లో కూర్చున్నారు. గంటకి లేస్తున్నారు, గంటకి కూర్చుంటున్నారు, గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తున్నారు. అక్కడి సారు చాలా సంతోషంగా చెప్పారు... "మీ అమ్మాయి బంగారమండీ! చేరిన దగ్గర్నుంచీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అంత డిసిప్లిన్!"

అందరూ చప్పట్లు కొట్టారు. మా అమ్మాయి నా వైపు చూసి నవ్వింది, నేనూ నవ్వాను... బస్సులో పామర్రు దాటే దాకా ఏడుపు ఆపుకోలేకపోయాను.

మిమ్మల్ని నోరు మూసుకోమన్నవాళ్ళు మీకూ ఉండే ఉంటారు... ఆ తర్వాత "ఇప్పుడు చెప్పు" అన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ళ పేరు కింద రాయండి. మా అమ్మాయికి చదివి వినిపిస్తాను.