ఫీజు మిగిలిన శుక్రారం

నాకు ఇప్పటికీ శుక్రారం అంటే గుండె దడదడ కొట్టుకుంటది.

ప్రపంచకప్పు కోసం కతార్‌ల స్టేడియాలు లేస్తున్న రోజులు. నేను ఒక స్టేడియం పైకప్పు మీద ఇనుప పని చేసేటోన్ని. ఉండుడు బర్వా అల్ బరాహా క్యాంపుల. రూంల ఆరుగురం, అందరం జగిత్యాల దిక్కోళ్లమే. ఎవరికి వాళ్లు ఇంటికి పైసలు పంపితే ఎక్స్‌చేంజ్ కౌంటరోనికి ఆరు ఫీజులు. అందుకని జీతం పడ్డంక వచ్చే శుక్రారం అందరి పైసలు ఒక్క స్లిప్పు మీద, రూం పెద్దాయన భార్య ఖాతాకు కొట్టేటోళ్లం. ఆమె ఇంటింటికి పంచేది. ఒక్క ఫీజు, ఆరు పాళ్లు. నిమిషాల్ల చేరే ఇన్‌స్టంట్ జోలికి పోయేటోళ్లం కాదు, దానికి ఫీజు డబుల్. మా బస్సు డ్రైవర్, హైదరాబాద్ భాయ్, ఎప్పుడూ ఇన్‌స్టంటే పంపేటోడు. బ్యాంకోన్ని నువ్వే సాదుతున్నవా భాయ్ అని నవ్వేటోళ్లం.

ఆ శుక్రారం స్లిప్పు వంతు నాది. బయల్దేరుతుంటే మా ఇంటామె ఫోన్ చేసింది. కడుపుల జర నొస్తుంది, చూపిచ్చుకుంట, పైసలు జల్ది పంపు అన్నది. ఆ గొంతుల తేడా నాకు తెలువాలె. తెలువలే. కౌంటర్ మీదాయన మామూలుదా ఇన్‌స్టంటా అని అడిగిండు. మామూలుదే అన్న. రేపటికల్ల పడతది గదా అనుకున్న.

గల్ఫ్‌ల ఉండి ఉండి నా వారాల లెక్క తిరగబడ్డది. మాకు శుక్రారమే ఆదివారం. శనివారం మాకు డ్యూటీ కాబట్టి లోకమంత పనిల ఉంటదనుకుంటం. అది రెండో శనివారమని, ఇండియాల బ్యాంకులు బందని, ఎనకనే ఆదివారం ఉన్నదని నా మొద్దు బుర్రకు తట్టలే.

శనివారం పొద్దుగాల పైకప్పు మీద ఉండంగ బావమరిది ఫోన్. అక్కకు అపెండిక్స్ పగిలిందట, కరీంనగర్ తెచ్చినం, ముందు పైసలు కడితేనే ఆపరేషన్ అంటున్నరు, నువ్వు పంపినయి ఇంక పడలే బావా అన్నడు. బ్యాంకు సోమారం దాక తెరవరని కూడ ఆయనే చెప్పిండు. బెల్టు కొక్కెం తగిలిచ్చి ఉన్నదా లేదా అని నాలుగుసార్లు తడుముకున్న. నేను పడితే ఆమెకు ఎవరున్నరు, ఆమె పోతే నాకు ఎవరున్నరు, ఇదొక్కటే తిరుగుతుంది లోపల.

ఫోర్‌మన్‌ను బతిమాలి కిందికి దిగిన. రూమోళ్లను ఒక్కొక్కన్ని అడిగిన. అప్పుడు ఎరుకైంది అసలు భయం. అందరి ఫులూస్, ఉన్న పైసలన్ని, ఆ స్లిప్పులనే ఉన్నయి. ఆరుగురి పైసలకు నా చేతులతో నేనే తాళం వెట్టి వచ్చిన.

మిగిలింది డ్రైవర్ భాయే. ఇన్ని రోజులు నవ్విన నోటితోని ఎట్ల అడగాలె? సిగ్గు ఇడిచి అడిగిన. చెప్పుకుంట చెప్పుకుంట ఏడుపొచ్చింది.

"ముందు పంపు," అన్నడు. "తర్వాత ఏడువు."

బిడ్డ చదువుకని దాచినయి తీసి, తానే కౌంటర్ దాక తీస్కపోయిండు. ఐదు నిమిషాల్ల బావమరిది ఖాతాల పడ్డయి. ఆ తర్వాత నాలుగు గంటలు ఫోన్ మోగలే. మోగితే ఏం వినాల్సి వస్తదో అని ఒక భయం, మోగకపోతే ఏమైందో అని ఇంకొక భయం. పొద్దుగూకినంక, మగ్రిబ్ నమాజు టైంకు బావమరిది చేసిండు. బతికింది బావా అన్నడు. నేను రోడ్డు పక్కనే కూలవడ్డ.

మూడో రోజు మా ఇంటామె మాట్లాడింది. గొంతు మస్తు సన్నగ ఉన్నది. నొప్పి ఎప్పటి నుంచి అని అడిగిన.

"బుధారం నుంచి."

మరి అప్పుడే ఎందుకు చెప్పలే అన్న.

"శుక్రారం మీ రూం స్లిప్పు ఉంటది గదా. నడిమిట్ల పంపితే ఫీజంత నీ ఒక్కని మీదనే పడతదని ఓపిక వట్టిన."

నెలనెల ఇంత ఫీజు మిగిలిందని ఫోన్‌ల ఆమెకు గొప్పగ చెప్పింది నేనే. మళ్ల ఆమెనే అడిగింది.

"ఇన్‌స్టంట్‌కు ఎంత కోసిండ్రు?"