కుడివైపు ఎర్ర బటన్

ఆ లాండ్రీలో ఆమెను అందరూ 'పాఠాల పిల్ల' అనేవారు. పనివాళ్లకు యంత్రాలు నేర్పే వీడియో పాఠాలు తయారు చేయడం ఆమె నేర్చుకుంటున్న విద్య. కోర్సు చదివితే సర్టిఫికెట్ వచ్చింది గానీ పని రాలేదు. "నీళ్లలో దిగితేనే కదే ఈత, పోయి దూకు" అంటూ ఆఫీసులో సీనియర్ అక్క మొదటి ప్రాజెక్టుగా ఈ లాండ్రీని అప్పజెప్పింది.

పని చిన్నదే. దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద రోలర్ యంత్రాన్ని మార్చారు. దాన్ని ఆపే ఎర్ర బటన్ పాతదానికి ఎడమవైపు, కొత్తదానికి కుడివైపు. పాఠంలో ఆ ఒక్క ముక్క మార్చాలి. చిక్కల్లా గొంతుతోనే. పాఠం చెప్పిన ఆ గొంతు ఇక్కడి పాత మేస్త్రిది. పోయిన చలికాలంలో గుండెపోటుతో పోయాడు.

ఆయన భార్య అక్కడే దుప్పట్లు మడతపెడుతుంది. అందరికీ ఆమె వదినే. రోజూ శిక్షణ గదిలో ఆ పాఠం పెట్టుకుని, వింటూ అన్నం తింటుంది.

"ఆయన గొంతు తీసెయ్యకు తల్లీ. ఇంట్లో ఆయన మాట ఒక్కటైనా రికార్డు చేసి దాచుకోలేదు. ఎక్కడికి పోతుందిలే అనుకున్నా."

పాఠాల పిల్ల మనసు కరిగిపోయింది. పాత రికార్డింగులో మేస్త్రి ఒకచోట "కుడిచేత్తో దుప్పటి అంచు పట్టుకోండి" అన్నాడు. అందులోంచి 'కుడి' కత్తిరించి, 'ఎడమ' ఉన్నచోట అతికించి, ఆ పక్కనున్న ఊపిరి చప్పుడు తీసేసింది. హెడ్‌ఫోన్లలో ఒకసారి విని, వాటిని తీసి పక్కన పెట్టింది. పోయిన మనిషి, బతికుండగా అనని మాట అంటున్నాడు.

కరెంటు తీసేసి, కొత్త యంత్రం ముందు ఒక్కొక్కరినీ నిలబెట్టి పాఠాన్ని పరీక్షించారు. అక్క నేర్పిన సూత్రం ఒకటే: నువ్వు నోరు మూసుకో, వాళ్ల చేతులు చూడు.

"దుప్పటి ఇస్త్రీకి కూడా కాలేజీ పెట్టారర్రా!"

"ఫెయిలైతే నీ మొగుడి చొక్కాలన్నీ నువ్వే రుద్దాలి."

నవ్వుల మధ్య మేస్త్రి గొంతు పలికింది: "కుడివైపు ఎర్ర బటన్ నొక్కండి."

మొదటి ఆమె చెయ్యి ఎడమకు పోయి ఉత్త రేకుకు తగిలింది. రెండో ఆమెదీ అంతే.

"కుడి అన్నాడు కదే!"

"విన్నానే. అన్న గొంతు పడగానే చెయ్యి దానంతటదే అటు పోయింది."

నవ్వులు ఆగిపోయాయి. రోలర్ తిరుగుతూ ఉండి ఉంటే? అందరూ తమ వేళ్లు చూసుకున్నారు.

గుమ్మంలోంచి వదిన మెల్లగా అంది. "అది ఆయన కాదు. 'ఎర్ర' అనేముందు ఆయన ఊపిరి తీసుకునేవాడు. ఎవరిని మాట్లాడించావు?"

"ఆయన్నే, వదినా. మీకోసమని... ముక్కలు అతికించాను."

వదిన తిట్టకుండా వెనక్కి తిరిగి దుప్పట్ల దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె అడిగిన మాట పాఠాల పిల్లను వదల్లేదు. స్నానం చేస్తున్నా, బస్సు ఎక్కుతున్నా, వెనకనుంచి ఆ అతుకుల గొంతు "కుడి" అంటూనే ఉంది. చివరికి వదిన దగ్గరికే వెళ్లింది.

"పాత పాఠం మీ ఫోన్లో వేసిస్తాను. అది మీ సొంతం. ఇక్కడ మాత్రం ఆయన గొంతు వినిపించకూడదు. కొత్త పాఠం మీరు చెప్పండి."

"నేనా? నా గొంతు వింటే కాకులు కూడా లేచిపోతాయి."

"ఎవరి చెయ్యీ నలగకపోతే చాలు వదినా."

వదిన రోలర్ వంక చూసి, తలూపింది.

దుప్పట్ల గదిలో శబ్దం మార్మోగదని అక్కడే రికార్డు చేశారు. "కుడివైపు..." అంది వదిన. ఊపిరి తీసుకుంది. "...ఎర్ర బటన్ నొక్కండి." పాఠాల్లో ఊపిరి చప్పుళ్లను కత్తిరించేయాలి. పాఠాల పిల్ల దీన్ని ముట్టుకోలేదు.

మళ్లీ పరీక్ష. ప్రతి ఒక్కరి చెయ్యీ తడబడకుండా కుడికి పోయింది.

వెనక, దుప్పట్ల బండి పక్కన నిలబడ్డ వదిన ఎడమచెయ్యి మాత్రం, ఆ ఊపిరి వినపడగానే, కాస్త పైకి లేచి, గాల్లోనే ఆగిపోయింది.