ఉదయగిరిలో మా వంతు సోమవారం

తొంభైల్లో నేను చేజర్లలో టీచరుగా ఉన్నప్పుడు చిన్ననాటి నేస్తం మస్తాన్‌బీ ఉదయగిరి నుంచి కబురు పంపింది. కూతురు షబానా బడి మానేసిందట, వచ్చి నచ్చజెప్పమంది. ఒక సోమవారం సెలవు పెట్టి, ఆత్మకూరులో తెల్లవారుజాము బస్సు ఎక్కాను. మర్రిపాడు మీదుగా రెండు గంటల దారి, టికెట్టు పదిరూపాయలు దాటదు. కోట చూడ్డానికా అని కండక్టర్ అడిగాడు. క్లాస్‌మేటును చూడ్డానికి అన్నాను. కిటికీలో కొండ కనబడగానే సంచి తీసుకుని లేచి నిలబడ్డాను.

ఆ ఊళ్ళో మేం చదివేటప్పుడు క్రైస్తవపాళెం పిల్లనని నన్నూ, ఉర్దూ పిల్ల అని మస్తాన్‌బీనీ చివరి బెంచీలో కూర్చోబెట్టారు. తర్వాత వచ్చిన లెక్కల అయ్యవారు కొత్త పద్ధతి పెట్టారు. ప్రతి సోమవారం అందరూ ఒక బెంచీ ముందుకు జరగాలి, మొదటి బెంచీవాళ్ళు చివరికి పోవాలి. ఎప్పుడెప్పుడా అని ఎదురుచూస్తే మా వంతు రానే వచ్చింది. సరిగ్గా ఆ సోమవారం నుంచే మస్తాన్‌బీని ఇంట్లోవాళ్ళు బడి మాన్పించారు. మొదటి బెంచీలో ఆమె చోటు పక్కన నేనొక్కదాన్నే కూర్చున్నాను. ఆ వెలితి ఇప్పటికీ పోలేదు.

నేను వెళ్ళేసరికి తల్లీకూతుళ్ళు అరుగు మీద కొయ్య గరిటెలు చెక్కుతున్నారు. ఐదు దాకా ఉర్దూ బడిలో చదివిన షబానా ఆరులో తెలుగు హైస్కూల్లో చేరింది. అక్కడ మార్కుల వరసన కూర్చోబెడతారట. తెలుగు చదవడంలో నెమ్మదని ఉర్దూ బడి పిల్లలందరికీ చివరి బెంచీ దక్కింది. వాళ్ళమ్మకు చెల్లెలినైనట్టు నన్ను ఖాలా అని పిలిచి, తల ఎత్తకుండా చెప్పింది.

"సారు మా బెంచీ కాడికి రాడు ఖాలా. చదవమని కూడా అడగడు."

ముగ్గురం బడికి వెళ్ళాం. సారు కుర్రవాడు, మంచివాడే. బాగా చదివేవాళ్ళు ముందుంటే పాఠం సాగుతుందన్నాడు. పాఠం అందనివాళ్ళనే దగ్గర కూర్చోబెట్టుకోవాలి గదా అని మా అయ్యవారి పద్ధతి చెప్పాను. ఆయన ఇంకా ఆలోచిస్తుంటే మస్తాన్‌బీ నోరు విప్పింది.

"నా బిడ్డకి తెలుగు రాదని కాదు సారూ. చదవమని ఎవురూ అడగలా. ఒక్క వారం ముందర కూర్చోబెట్టి చూడండి."

ఆయన బెంచీలు మార్పించాడు. షబానా ముందుకొచ్చి కూడబలుక్కుంటూ ఒక పేజీ చదివింది. తప్పు పోయిన చోట సారు పక్కన నిలబడి అందించాడు. వాకిట్లో మస్తాన్‌బీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

మధ్యాహ్నం గంట కొట్టాక గది ఖాళీ అయింది. మస్తాన్‌బీ లోపలికి పోయి మొదటి బెంచీలో కూర్చుంది. కాస్త పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.

"రావే సుగుణా, మన వంతు ఇంకా అయిపోలా."

పోయిన చదువు తిరిగి రాదు, ఇద్దరికీ తెలుసు. అయినా ఆ బెంచీ మీద భుజాలు ఆనించుకుని నల్లబల్లను చూస్తూ కూర్చున్నాం. కోట చూడ్డానికి వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. ఉదయగిరి నుంచి తిరుగు బస్సులు పొద్దుగూకక ముందే అయిపోతాయి, వేళ చూసుకోండి. నాకు ఆ రోజు చూసుకోవాలనిపించలేదు.